బొమ్మ కింద రాత ఎవరిది?

అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖలో లిసా కింగ్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. మూలవాసుల మ్యూజియాలకు వెళ్లి, ఏ వస్తువును ఎక్కడ పెట్టారు, దాని కింద ఏం రాశారు, ఎవరిని ఉద్దేశించి రాశారు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం అర్థం చేసుకుని వెళ్లారు అని పరిశీలించడం ఆమె చదువు. ఆమె ఉద్యోగం కూడా అదే. ఈ సంగతి మా ఆశ్రమ పాఠశాల పదో తరగతిలో చెబితే ఒకడు లేచి, "దానికి కూడా జీతం ఇస్తారా సార్?" అని అడిగాడు. ఇస్తారు. వాడి ప్రశ్నలో తప్పు లేదు. మన పిల్లలకు తెలిసిన ఉద్యోగాలు టీచరు, కానిస్టేబులు, ఏఎన్ఎం, ఫారెస్ట్ గార్డు. ఆదివాసుల గురించి మ్యూజియాలు చెప్పే మాటను నిలదీయడం కూడా ఒక చదువని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఈ వ్యాసం ఆమె పని గురించి, ముఖ్యంగా 2017లో వచ్చిన ఆమె పుస్తకం 'లెజిబుల్ సావరినిటీస్' గురించి. పొగడ్త కోసం రాయడం లేదు. ఆమె చెప్పిన దానిలో మనం తీసుకోదగింది చాలా ఉంది. ఒక చోట మాత్రం ఆగి, గట్టిగా ఎదురు చెప్పాల్సింది కూడా ఉంది.

ముందుగా ఆమె శాస్త్రం పేరు. ఇంగ్లీషులో రెటొరిక్ అంటారు. తెలుగులో అలంకారశాస్త్రం అని రాస్తారు గానీ, ఆ మాట వినగానే ఉపమా, ఉత్ప్రేక్షా గుర్తొచ్చి అసలు సంగతి జారిపోతుంది. రెటొరిక్ అంటే ఎదుటివాళ్లను ఒప్పించే మాట విద్య. ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏం సాధించడానికి మాట్లాడుతున్నారు అన్నదే దాని లెక్క. మన ఊళ్లో పంచాయితీ కూర్చుంటే పెద్దమనిషి నేరుగా తగువులోకి దిగడు. వాన గురించి, ఈ ఏడు ఇప్పపువ్వు గురించి మాట్లాడతాడు. తాతల నాటి ముచ్చట ఒకటి తీస్తాడు. ఇరుపక్కలా వేడి తగ్గాక అప్పుడు అసలు మాట బయటపెడతాడు. విశ్వవిద్యాలయంలో దీన్ని రెటొరిక్ అంటారు. మనకు పేరు లేదు గానీ విద్య ఉంది.

మ్యూజియం కూడా ఇలాగే మాట్లాడుతుంది. నోరు లేకుండా మాట్లాడుతుంది కాబట్టి మనకు అది వాదన అని తెలియదు, నిజం అనుకుని వచ్చేస్తాం. ఒక విల్లును అద్దాల పెట్టెలో పెట్టి, కింద "వీరు వేటాడి జీవించేవారు" అని రాశారనుకోండి. ఆ మూడు మాటల్లో ఎన్ని తీర్పులున్నాయో చూడండి. "వీరు" అంటే చదివేవాళ్లు వేరు, వీళ్లు వేరు. "జీవించేవారు" అంటే ఇప్పుడు లేరు. విల్లు చేసినవాడి పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. అదే పక్క ఊరి రాజుగారి కత్తి అయితే ఆయన పేరు, పరిపాలన కాలం, ఏ యుద్ధంలో వాడాడో కూడా ఉంటుంది. వ్యాకరణం పాఠంలో భూతకాలం చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను. క్రియకున్న కాలం మనిషిని ఎలా మాయం చేస్తుందో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

అమెరికాలో ఈ పని చాలా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ యూరప్‌వాళ్ల చిత్రాలు, శిల్పాలు కళా మ్యూజియాల్లో ఉంటాయి. మూలవాసుల బట్టలు, కుండలు, ఆఖరికి ఎముకలు కూడా ప్రకృతి శాస్త్ర మ్యూజియాల్లోకి వెళ్లాయి. రాక్షసబల్లుల అస్థిపంజరాలు ఒక గదిలో, మూలవాసులు ఆ పక్క గదిలో. ఈ అమరికే ఒక వాక్యం. ఇది ఎంత కాలం నడిచిందంటే, న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తన మూలవాసుల హాళ్లు రెండింటిని మూసేసింది 2024 జనవరిలో. అదీ తనంతట తాను చేసింది కాదు. మూలవాసుల అస్థికలు, పవిత్ర వస్తువులు వాళ్లకు తిరిగి ఇవ్వాలని 1990లో ఒక చట్టం వచ్చింది. ఆ వస్తువులను ప్రదర్శించాలంటే సంబంధిత తెగ ముందుగా అనుమతి ఇవ్వాలని దాని కొత్త నిబంధనలు చెప్పాక గానీ ఆ తలుపులు పడలేదు.

ఇది వాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక్క పేరు చెబుతాను. ఎడ్గార్ థర్‌స్టన్. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేసినవాడు. మన తెగల గురించి ఇవాళ్టికీ పరీక్షల పుస్తకాల్లో కనిపించే వాక్యాలు చాలావరకు ఆయన దగ్గర మొదలై చేతులు మారుతూ వచ్చినవే. ఆయన ఉద్యోగం ఏమిటి? మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. కొలపరికరాలు పెట్టి మనుషుల ముక్కులు, తలలు కొలిచినవాడు. అంటే మన మీద రాతకూ మ్యూజియానికీ బంధుత్వం ఇక్కడ కూడా పాతదే.

మళ్లీ అమెరికాకు వద్దాం. లిసా కింగ్ పని ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమెకు ముందు ఒక పెద్ద వాదన జరిగింది. 2000 సంవత్సరంలో స్కాట్ రిచర్డ్ లయన్స్ అనే ఓజిబ్వే పండితుడు, మూలవాసులు రాత నుంచి ఏం కోరుకుంటున్నారు అని ప్రశ్నిస్తూ ఒక వ్యాసం రాశాడు. అందులో 'రెటొరికల్ సావరినిటీ' అనే మాట ముందుకు తెచ్చాడు. ఒక జాతికి నేల మీద హక్కు ఉన్నట్టే, తన గురించి లోకంతో ఏం మాట్లాడాలి, ఏ భాషలో, ఏ తీరులో, ఎందుకోసం మాట్లాడాలి అని తేల్చుకునే హక్కు కూడా ఉంటుందని దాని సారాంశం. మనకు ఇది అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. 'మావ నాటే మావ రాజ్' అని గోండుల ఊళ్లలో రాళ్ల మీద రాసి పెట్టుకున్నాం. మా ఊళ్లో మా రాజ్యం. లయన్స్ అడిగింది, మా మాట మీద మా రాజ్యం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. వాళ్లకూ మనలాగే పేరు తగువు ఉంది. దారి తప్పి వచ్చిన కొలంబస్ ఇండియా చేరాననుకుని పెట్టిన 'ఇండియన్' అనే పేరును కొందరు వద్దంటారు, కొందరు మా తాతలు ఆ పేరుతోనే ఒప్పందాలు చేసుకున్నారు కాబట్టి ఉంచుకుంటామంటారు. ఎక్కువమంది తమ తెగ పేరే చెప్పుకుంటారు. మన దగ్గర గిరిజన, ఆదివాసీ, షెడ్యూల్డు తెగ అనే మూడు పేర్ల మధ్య నలిగే మనకు ఆ బాధ తెలుసు. మ్యూజియం గుమ్మం మీద ఏ పేరు రాస్తారన్నది చిన్న సంగతి కాదు.

లయన్స్ హక్కును ప్రకటించాడు. ప్రకటించిన తర్వాత ఏం జరుగుతుంది అన్నది లిసా కింగ్ ప్రశ్న. మన మాట మనమే చెప్పాం సరే, విన్నవాడికి అది వినపడిందా? ఆమె మూడు చోట్లను ఎంచుకుని, వాటి ప్రారంభం నుంచి 2014 వేసవి వరకు సుమారు పదేళ్లు వెంటాడింది. ఒక రోజు చూసి వచ్చి రాసిన పుస్తకం కాదు. ప్రదర్శన ఎలా తయారైంది, జనం, పత్రికలు ఏమన్నాయి, ఆ విమర్శ తర్వాత ఏం మార్చారు అన్న మూడింటినీ కలిపి చూసింది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మనవాళ్లు మ్యూజియం గురించి రాస్తే ప్రారంభోత్సవం నాడు ఒక వార్త, పదేళ్ల తర్వాత కప్పు కారుతోందని ఇంకో వార్త. మధ్యలో అది జనంతో ఏం మాట్లాడిందో ఎవరూ రాయరు.

మూడింటిలో పెద్దది వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికన్ ఇండియన్ మ్యూజియం. 1989లో చట్టం చేసి, 2004 సెప్టెంబరులో తెరిచారు. పార్లమెంటు భవనానికి కూతవేటు దూరంలో, గాలికీ నీటికీ అరిగిన కొండలా వంపులు తిరిగిన కట్టడం. దాని మొదటి డైరెక్టరు రిచర్డ్ వెస్ట్ షయాన్ తెగవాడు. జార్జ్ హే అనే న్యూయార్క్ ధనవంతుడు జీవితమంతా పోగేసిన లక్షల వస్తువులు దాని పునాది. ప్రారంభంలో పెట్టిన మూడు ప్రధాన ప్రదర్శనల్లో ఒక్కొక్కదానిలో ఎనిమిదేసి తెగలు, మొత్తం 24 తెగల వాళ్లు వచ్చి తమ గది తామే అమర్చుకున్నారు. ఏం పెట్టాలో వాళ్లే చెప్పారు. లయన్స్ అడిగిన హక్కు ఇంతకంటే పెద్ద ఎత్తున ఎక్కడ దొరుకుతుంది?

కానీ తెరిచిన నెలల్లోనే రెండు వైపుల నుంచీ దెబ్బలు పడ్డాయి. పెద్ద పత్రికల విమర్శకులు ఏమీ అర్థం కాలేదన్నారు. ఒక వరుస లేదు, కాలక్రమం లేదు, ఇది ఎవరి చరిత్ర అని విసుక్కున్నారు. రెండో వైపు నుంచి మూలవాసుల్లోని పండితులే నిలదీశారు. హో చంక్ తెగకు చెందిన చరిత్రకారిణి ఏమీ లోన్‌ట్రీ విమర్శ వాటిలో పదునైనది. ఒక గోడకు తుపాకులు వరుసగా పేర్చారు, కానీ ఎవరు ఎవరిని కాల్చారో సూటిగా చెప్పలేదు. వలసవాదం చేసిన హత్యలు, భూమి దోపిడీ సందర్శకుడికి తగలకుండా అందమైన అమరిక వెనక దాగిపోయాయి. ఇదీ ఆమె ఫిర్యాదు. 2012లో ఆమె పుస్తకం 'డీకాలనైజింగ్ మ్యూజియమ్స్' కూడా ఈ మాటే విస్తరించి చెబుతుంది.

లిసా కింగ్ ఈ రెండు దెబ్బల మధ్య నిలబడి ఒక మాట అంటుంది. అది ఆ పుస్తకానికి గుండెకాయ. మూలవాసులు తమ తీరులో మాట్లాడారు, అందులో తప్పు లేదు. కానీ వినేవాళ్లలో ఎక్కువమందికి ఆ తీరు తెలియదు. సినిమాల్లో ఈకల కిరీటం పెట్టుకున్న ఇండియన్‌ను చూసి వచ్చినవాడికి, కాలం గుండ్రంగా తిరుగుతుందని నమ్మే తెగ అమర్చిన గదిలో దారి దొరకదు. కాబట్టి సార్వభౌమత్వం ఉంటే చాలదు, అది ఎదుటివాడు చదవగలిగేలా ఉండాలి. 'లెజిబుల్' అంటే అదే. మాట ఇచ్చేవాడి హక్కునూ వినేవాడి స్థితినీ ఒకేసారి చూడమంటుంది ఆమె. ఆ మ్యూజియం కూడా తర్వాత దారి మార్చుకుంది. 2014లో ఒప్పందాల మీద ఒక ప్రదర్శన తెరిచింది. అమెరికా ప్రభుత్వం తెగలతో ఏ ఒప్పందం చేసుకుంది, ఎలా మాట తప్పింది అని అసలు కాగితాలు పెట్టి చెప్పింది. కాగితం ఎవరైనా చదవగలరు. మనకూ 1/70 చట్టం, పెసా, అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. ఏ గిరిజన మ్యూజియంలోనైనా డోలు పక్కన వాటి ప్రతిని అద్దాల్లో పెట్టి, ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు చేజారాయో రాయాలని నా కోరిక.

రెండోది మిచిగన్ రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ దగ్గర, సాగినా చిప్పెవా తెగ నడిపే జీబివింగ్ సెంటర్. ఇది కూడా 2004లోనే తెరిచారు. కానీ ఇది ప్రభుత్వం కట్టించింది కాదు, తెగ కట్టుకున్నది. ఆ తెగకు సొంత కాసినో ఉంది, సొంత రాబడి ఉంది. కాసినో మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. డబ్బు ఎవరిదైతే మాట వాళ్లదవుతుందనడానికి ఇది సాక్ష్యం. అక్కడి ప్రధాన ప్రదర్శన పేరే వాళ్ల భాషలో ఉంది, 'మన కథ చెప్పుకోవడం' అని అర్థం. పెద్దల భవిష్యవాణులను వెన్నుపూసగా పెట్టి కథ నడుపుతారు. వలస పాలన తెచ్చిన రోగాలు, భూమి పోవడం, పిల్లలను ఎత్తుకెళ్లి బడుల్లో పెట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. అదే పట్టణంలో 1893 నుంచి 1934 వరకు అలాంటి బోర్డింగ్ స్కూలు ఒకటి నడిచింది. లోన్‌ట్రీ వాషింగ్టన్‌లో వెతికి దొరకలేదన్న కఠిన సత్యాలు ఇక్కడ దొరికాయని మెచ్చుకుంది. ఇక్కడ మాట మొదట సొంత పిల్లల కోసం, ఆ తర్వాత పక్క ఊరి తెల్లవాళ్ల కోసం. వరుస అది.

మూడోది హాస్కెల్. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను.

కాన్సాస్ రాష్ట్రం లారెన్స్‌లో 1884లో ప్రభుత్వం మూలవాసుల పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూలు పెట్టింది. జుట్టు కత్తిరించారు, యూనిఫారం వేశారు, సిపాయిల్లా కవాతు చేయించారు, సొంత భాష మాట్లాడితే దండించారు. చదువు కంటే చాకిరీ ఎక్కువ. అక్కడి శ్మశానంలో వందకు పైగా పిల్లల సమాధులున్నాయి. ఆ బడే కాలక్రమంలో మారి మారి ఇవాళ హాస్కెల్ ఇండియన్ నేషన్స్ యూనివర్సిటీ అయింది. అనేక తెగల యువత అక్కడ చదువుకుంటున్నారు. తమ తాతలను ఏడిపించిన చోటనే వాళ్లు పట్టాలు తీసుకుంటున్నారు. 2002లో అక్కడ ఒక సాంస్కృతిక కేంద్రం, మ్యూజియం తెరిచారు. అది ముందుగా ఆ ప్రాంగణంలోని పిల్లలతో, పూర్వ విద్యార్థులతో మాట్లాడుతుంది. దుఃఖమూ చెప్పాలి, గర్వమూ చెప్పాలి. అక్కడ చనిపోయినవాళ్లనూ తలుచుకోవాలి, అక్కడ ఫుట్‌బాల్ ఆడి గెలిచినవాళ్లనూ తలుచుకోవాలి. ఒకే గోడ మీద ఈ రెండూ ఎలా పెడతారు?

ఆశ్రమ పాఠశాలలో చదివి, ఆశ్రమ పాఠశాలలోనే పాఠాలు చెబుతున్నవాళ్లం మనలో చాలామందిమి. మన బడులు హాస్కెల్ కావు. ఆ పోలిక తొందరపడి వేస్తే మనకు అన్నం పెట్టి అక్షరం నేర్పిన బడికి అన్యాయం చేసినట్టు. కానీ ఒకటో తరగతిలో కోయ మాట్లాడే పిల్ల తెలుగు రాక నోరు మూసుకుని కూర్చున్న రోజులు, ఇంటి పేరు పలకడం రాక హాజరు పట్టీలో వేరే పేరు రాసేసిన రోజులు, జ్వరం వచ్చి ఇంటికి వెళ్లి మళ్లీ రాని పిల్లలు, ఇవి మనకు తెలుసు. మన బడికి కూడా ఒక మ్యూజియం పెడితే ఆ గోడ మీద ఏం రాస్తాం? ఫలితాల శాతం, కలెక్టరు గారితో గ్రూపు ఫోటో మాత్రమేనా? ఈ పుస్తకం మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. వాషింగ్టన్ గురించి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. హాస్కెల్ గురించి చదివినప్పుడు పుస్తకం మూసి వరండాలోకి వెళ్లాను.

ఇక ఎదురు చెప్పాల్సిన చోటు.

'చదవగలిగేలా ఉండాలి' అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చదివించుకోవడం మనకు కొత్త కాదు. జేమ్స్ స్కాట్ అనే పండితుడు 1998లో రాసిన పుస్తకంలో ఇదే మాటను వేరే దిక్కు నుంచి వాడాడు. రాజ్యం పాలించాలంటే ముందు జనాన్ని, అడవిని, భూమిని తనకు చదవడానికి వీలుగా మార్చుకుంటుందని ఆయన అంటాడు. సర్వే నంబర్లు, ఇంటి పేర్లు, వరసగా నాటిన ఒకే జాతి చెట్లు, అన్నీ ఆ చదువు కోసమే. మన అనుభవం కూడా ఇదే. అడవికి గీత గీసి రిజర్వు అన్నది చదవడానికే. పోడును లెక్కలోకి తెచ్చింది చదవడానికే. థర్‌స్టన్ ముక్కు కొలిచిందీ చదవడానికే. వందేళ్లుగా మనం అందరికీ అర్థమవ్వాల్సినవాళ్లం, ఎవరూ మనకు అర్థమవ్వాల్సిన పని లేదు. అలాంటప్పుడు మ్యూజియంలో కూడా సందర్శకుడికి తేలిగ్గా అందేలా మాట్లాడే భారం మళ్లీ మన మీదే పడితే, అది ఎంతవరకు సార్వభౌమత్వం?

లిసా కింగ్‌కు ఈ చిక్కు తెలియదని నేననను. వినేవాడి కోసం మాట మార్చుకోవడంలో ఎంత పోతుందో ఆమె గమనిస్తూనే ఉంటుంది. కానీ పుస్తకం పేరులోనే తూకం ఒక వైపు మొగ్గింది. సార్వభౌమత్వంలో చదవనివ్వకపోయే హక్కు కూడా ఉంది. న్యూమెక్సికోలోని జుని తెగవాళ్ల ఉదాహరణ చూడండి. వాళ్ల యుద్ధ దేవతల కొయ్య విగ్రహాలు అనేక మ్యూజియాల్లోకి చేరాయి. 1978 నుంచి వాళ్లు వాటిని తిరిగి అడగడం మొదలుపెట్టారు. డెన్వర్ ఆర్ట్ మ్యూజియం 1980లో ఇచ్చేసింది. మ్యూజియాలవాళ్లు తలపట్టుకున్నది ఎందుకంటే, జునీలు ఆ విగ్రహాలను భద్రంగా దాచుకోవడానికి అడగలేదు. ఎండకూ వానకూ వదిలేసి మట్టిలో కలిసిపోనివ్వడానికి అడిగారు. వాళ్ల నమ్మకంలో ఆ దేవతల పని అలా పూర్తవుతుంది. పాడవకుండా కాపాడడమే పుణ్యం అనుకునే మ్యూజియానికి దీనికంటే పెద్ద జవాబు లేదు. ఇది అర్థమయ్యేలా చెప్పడం కాదు, ఇవ్వండి అని చెప్పడం.

హోడెనొషోనీల వాంపమ్ పట్టీల సంగతి కూడా మనకు దగ్గరిది. గవ్వ పూసలతో అల్లిన ఆ పట్టీలు ఒప్పందాలకు గుర్తులు. వాటిని చేత్తో పట్టుకుని పెద్దలు సభలో ఒప్పందం మొత్తం చెబుతారు. న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం దశాబ్దాల పాటు తన దగ్గర ఉంచుకుని, 1989లో 12 పట్టీలను ఒనొండాగా తెగకు తిరిగి ఇచ్చింది. ఏంజెలా హాస్ అనే పరిశోధకురాలు 2007లో ఒక వ్యాసం రాసి, వాంపమ్‌ను కూడా ఒక రాత విధానంగా, ఇవాళ్టి కంప్యూటర్ తెరల మీది లింకుల్లాంటి అల్లికగా చదవాలని వాదించింది. దీన్ని చదువుతున్నప్పుడు కోయ డోలీలు, వాళ్ల చేతిలోని పడిగెలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? మూడు కోణాల గుడ్డ మీద బొమ్మలు. గట్టు పేరు, ఇలవేల్పు, ఎవరు ఎవరికి పుట్టారు, ఏ గుట్ట దిగి ఏ వాగు దాటి వచ్చారు, అంతా ఆ బొమ్మల్లో ఉంది. డోలీ నోరు తెరిచి డోలు మోగిస్తేనే అది చరిత్ర. అద్దాల పెట్టెలో మేకు కొట్టి వేలాడదీస్తే రంగు గుడ్డ. సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనం సంతోషించాం. 2024లో ఆయన పోయాక, ఆయన గొంతులో ఉన్నది ఎంత మంది నేర్చుకున్నారు అని అడిగితే మన దగ్గర జవాబు తక్కువ.

ఈ ప్రశ్నలు ఇప్పుడే ఎందుకు? హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది. అరకులో ఉంది. జోడేఘాట్‌లో కొమురం భీమ్ స్మారకం, మ్యూజియం ఉన్నాయి. మేడారంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియాలు వరుసగా మంజూరు చేస్తోంది. రాంచీలో బిర్సా ముండాది 2021 నవంబరు 15న తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌కు లంబసింగి దగ్గర, తెలంగాణకు హైదరాబాద్‌లో రాంజీ గోండు పేరిట ఒప్పుకున్నారు. కాంట్రాక్టరు సిమెంటు పని చేస్తాడు, శిల్పి ఫైబరు బొమ్మలు పోస్తాడు. బొమ్మల కింద వాక్యాలు ఎవరు రాస్తారు? టెండరులో ఆ పని ఏ పద్దు కింద ఉందో చూడాలి. రాసేవాడు థర్‌స్టన్ నుంచి ఎత్తి రాస్తే మరో యాభై ఏళ్లు మన పిల్లలు అదే చదువుతారు.

ఒక గిరిజన మ్యూజియానికి, ఏదో చెప్పను, మా పిల్లలను తీసుకెళ్లాను. కోయ దంపతుల బొమ్మ ముందు పట్నం పిల్లలు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. బొమ్మకు పెట్టిన బట్ట మా వైపు ఎవరూ కట్టే తీరులో లేదు. మా పిల్లల్లో కొందరు నవ్వారు, కొందరు బస్సెక్కేదాకా మాట్లాడలేదు. మర్నాడు క్లాసులో లిసా కింగ్ పద్ధతిని పిల్లల స్థాయికి దించి ఒక పని ఇచ్చాను. ఇంటి నుంచి ఒక వస్తువు తేవాలి, దాని కింద పెట్టడానికి మూడు వాక్యాలు రాయాలి, ఎవరు చదవాలని రాస్తున్నారో పైన రాయాలి. డైట్‌లో బోధనోపకరణాల తయారీ అని మాకు నేర్పిన పీరియడుకు ఇంత పనికొచ్చిన ఉపకరణం నేను ఎప్పుడూ చేయలేదు. ఒకమ్మాయి సొరకాయ బుర్ర తెచ్చి, "కలెక్టరు గారు చదవాలి" అని పైన పెట్టి, "ఇది మా అవ్వది. ఇందులో నీళ్లు చల్లగా ఉంటాయి. మా ఊరికి బోరింగు వేస్తే కూడా దీన్ని పారేయం" అని రాసింది. ఇంకొకడు తాత విల్లు తెచ్చాడు. "చదివేవాళ్లు: ఎవరైనా. ఇది ఇప్పుడు కూడా ఉంది. ముట్టుకునే ముందు అడగాలి." భూతకాలం ఒక్క వాక్యంలోనూ లేదు. నేను చెప్పింది కాదు, వాళ్లకే తోచింది. కొందరు కోయలో రాస్తాం సార్ అన్నారు, తెలుగు లిపిలో రాశారు.

తోటి ఉపాధ్యాయులకు ఈ పని ఏ ఖర్చూ లేనిది, రెండు పీరియడ్ల పని. ఇంటర్, డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేది వేరే. ఇంగ్లీషు, చరిత్ర, మానవశాస్త్రం, మ్యూజియాలజీ, భాషాశాస్త్రం, ఏ దారిలో వెళ్లినా ఇటువైపు రావచ్చు. విజయనగరంలో, ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయాలు మన పేరు మీదే ఉన్నాయి. లండన్‌లోని సోయాస్‌లో హైమెండార్ఫ్ తీసిన ఫోటోలు, ఫిల్ములు ఉన్నాయి. గోండులు, చెంచులు, కొండరెడ్లు, మన తాతముత్తాతల ముఖాలవి. వాటిలో మనిషి పేరు, ఊరు పేరు గుర్తుపట్టి రాయగలిగినవాళ్లు లండన్‌లో లేరు, మన ఊళ్లలో ముసలివాళ్లు ఉన్నారు. ఈ పని పదేళ్లు ఆలస్యం చేస్తే ఆ ముసలివాళ్లూ ఉండరు. లిసా కింగ్ పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది, ఆ ఇంగ్లీషు కూడా తేలిక కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వేసవి సెలవంతా కూర్చుంటే గానీ నాకు పూర్తవలేదు. హాస్కెల్ అధ్యాయమైనా తెలుగులోకి వస్తే మన బడుల్లో చర్చకు పెట్టవచ్చు.

పిల్లలు రాసిన చీటీలతో బడిలో ఒక మూల చిన్న ప్రదర్శన పెట్టాం. పడిగె ఒకటి పెడితే బాగుంటుందని అడగడానికి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పక్క ఊరి డోలీ తాత దగ్గరికి వెళ్లాను. ఆయన చీటీలన్నీ చదివించుకుని విన్నాడు, సొరకాయ బుర్ర దానికి నవ్వాడు. పడిగె మాత్రం ఇవ్వనన్నాడు. వేల్పు పండగకు తప్ప బయటికి తీయకూడదు, దాని కింద రాత పెట్టడం అసలు కుదరదు అన్నాడు. పిల్లలు ముఖం చిన్నబుచ్చుకుంటే, "గుడ్డ రాదు, నేను వస్తాను. నాలుగు రోజుల ముందు కబురు చెయ్యండి, నాకూ డోలుకూ ఆటో ఛార్జీ మీ సారు ఇవ్వాలి" అన్నాడు.